ఒక్కడే అరిగించిన బల్ల

కొత్త కర్రను పాతది చేయడం భూమేష్ పని. దోహా శివార్లలో ఒక చెక్కపని షెడ్డులో మూడేళ్లుగా అతనికి అదే డ్యూటీ. సైకిల్ గొలుసుతో కొట్టి గంట్లు పెడతాడు. సన్న డ్రిల్లుతో పురుగు తొలిచినట్టు రంధ్రాలు చేస్తాడు. ఇనుప పీచును రెండు రోజులు సిర్కాలో, అంటే వెనిగర్‌లో, నానబెట్టి ఆ నీళ్లు పూస్తాడు. ఓక్ కర్రలోని ఒగరుకు ఇనుము తగలగానే, కరక్కాయ సిరా నల్లబడినట్టు, పలక మీదికి మూడు వందల ఏళ్లు గంటలో వచ్చేస్తాయి. కోరుట్ల పక్క ఊళ్లో వాళ్ల నాయిన తలుపులు చేసి, అవి పాతబడకుండా నూనె రాసేవాడు. పోయే ముందు ఒకసారి ఫోనులో ఈ పని సంగతి విని, "మంచి కర్రను గట్లెందుకు కొడుతున్నవ్ రా" అని మాత్రం అడిగాడు.

ఈసారి చేస్తున్నది ఒక హోటల్ లోపల పెట్టబోయే ఇంగ్లండ్ పల్లెటూరి పాత సత్రం. అందులో జనం మూడు వందల ఏళ్లు కూర్చుని అరిగించినట్టు కనబడాల్సిన పొడుగు బల్ల భూమేష్ వంతు. బొమ్మ గీసింది హాలెట్ అనే డెబ్బై ఏళ్ల ఇంగ్లండ్ మనిషి. గురువారం గురువారం షెడ్డుకు వచ్చి, ఫొటోలు చూపిస్తూ ఆ సత్రాల కథ చెప్పేవాడు. ఫోర్‌మన్ రాజేందర్ దాన్ని తన నిర్మల్ తెలుగులోకి మార్చేవాడు. మొదట్లో అది సత్రం కూడా కాదట. ఊళ్లో ఒక ఇల్లాలు బార్లీతో బీరు కాచిన రోజున గుమ్మం మీద పచ్చని కొమ్మ కట్టేది. కొమ్మ చూసి ఊరు వచ్చేది. తర్వాత గుర్రపు బళ్లు వచ్చాయి. గుర్రాలు మార్చుకోవడం, ఉత్తరాలు అందుకోవడం, పంచాయితీలు తీర్చుకోవడం అన్నీ అక్కడే. రైలు వచ్చి బళ్లు ఆగిపోయినా ఊరివాళ్లు ఆ బల్లలు వదల్లేదు. ఇప్పుడు ఊళ్లలోనే మనుషులు పలచబడి, సత్రాలు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. హాలెట్ తండ్రి రోజూ కూర్చున్న సత్రాన్ని ఎవరో కొని ఇల్లు చేసుకున్నారు.

"అంటే మన కల్లు మండువ లెక్క" అన్నాడు భూమేష్.

"గంతే. గోడలున్న మండువ. నువ్వూ నేనూ అండ్ల అడుగు పెట్టేది లేదు గని, బల్లైతే మంచిగ చెయ్యి. బల్ల పాసైతెనే నీ లీవు కాయితం మీద సంతకం."

జూన్ పన్నెండున బడి తెరుస్తారు. భూమేష్ కూతురు అపూర్వ ఒకటో తరగతిలో చేరుతుంది. చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోతానని అతను మాటిచ్చాడు. వదిలి వచ్చినప్పుడు దానికి రెండున్నరేళ్లు. ఇప్పుడు అయిదున్నర. లెక్క చూస్తే దాని బతుకులో సగానికి పైన అతను లేడు. ఇంట్లో వాళ్లకు ఖతర్ కూడా దుబాయే కాబట్టి, ఫోనులో కనబడే మనిషికి అది దుబాయ్ బాపు అని పేరు పెట్టుకుంది.

గురువారం హాలెట్ వచ్చి బల్లను ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో నిమిరాడు. గోడవైపు కొసన చెయ్యి ఆగింది. అక్కడ అరంగుళం లోతున, ఒక మనిషి కూర్చునేంత గుంట నున్నగా అరిగి ఉంది. మిగతా పది అడుగులూ చదునుగా ఉన్నాయి. ఆయన నెమ్మదిగా ఏదో అడిగాడు.

"మిగిలినోళ్లు ఏడ కూసున్నరు అంటుండు" అన్నాడు రాజేందర్.

భూమేష్ వంగి ఆ గుంటను చూశాడు. అరిగిన బల్ల అనగానే అతని చెయ్యి ఒక్క మనిషినే చెక్కింది. అతను ఉండే క్యాంప్ గదిలో ఎనిమిది మంచాలు. షిఫ్టులు వేరు, భాషలు వేరు. ఎవరి మంచం అంచున వాళ్లు కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఫోను చూస్తూ తింటారు. అతని పరుపు అంచున సరిగ్గా అలాంటి గుంటే ఉంది.

హాలెట్ వెళ్లాక రాజేందర్ బల్ల మీద కూలబడ్డాడు. "మూడు వందల ఏండ్లు ఒక్కడే కూసొని తాగిండా తమ్మీ? ఎంత పీనాసోడైనా గంత ఒంటిగ తాగడు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఆదివారం మళ్ల వస్తడట. గప్పటికి కాకుంటే నీ లీవు ఇంకో ప్రాజెక్టు అయినంకనే. నా చేతుల లేదు."

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భూమేష్ భార్య ప్రమీలకు వీడియో కాల్ చేశాడు. దోహా వచ్చే ముందు ఇంట్లో టీవీ ఎదురుగా వేయడానికి అతనే ఒక పొడుగు బల్ల చేసి పెట్టి వచ్చాడు.

"మన బల్ల మీద ఎవరెవరు ఎట్ల కూసుంటరో చూపియ్యి."

"ఏమైందయ్యా నీకు, ఎండ తాకిందా?" అంటూనే ఆమె ఫోను తిప్పింది. "గీడ అత్తమ్మ, ఒక కాలు మడుసుకొని. ఆమె పక్కకు నేను. పొద్దుమూకితే ఎదురింటి శోభ సీరియల్ కోసం వస్తది, సగం బల్ల ఆమెదే. నడుమల నీ బిడ్డ. ఇది కూసోదు, దొర్లుతది."

"దాని జాగ జానతోని కొలువు."

"జానెడు. మీద రెండు వేళ్లు."

"కొసకు? నేను కూసునే కాడ?"

ఫోను కొంచెం ఆలస్యంగా అటు తిరిగింది. మడతపెట్టిన బట్టల దొంతర, దాని మీద చెయ్యి విరిగిన బొమ్మ.

"నువ్వు లేవని పెట్టినం గని..." అంది ప్రమీల.

"ఉండనీ."

శనివారం పొద్దున్నే అతను బల్ల పై పలకను ఊడదీసి తిరగేశాడు. ఒంటి మనిషి గుంట ఎవరికీ కనబడకుండా అడుగుకు పోయింది. పై వైపున తల్లి ఎల్లవ్వ కోసం ఒక పక్కకు ఒరిగిన గుంట చెక్కాడు. ప్రమీలకు లోతు తక్కువ. శోభ దగ్గర నవ్వుకుంటూ వెడల్పు పెంచాడు. నడుమ జానెడు మీద రెండు వేళ్ల చోటు చెక్కేటప్పుడు ఉలి వదిలి గరుకు కాగితం తీసుకున్నాడు. ఆఖరి కొసకు సిర్కా నీళ్లు పూశాడు, అంతే. అక్కడి అంచు ఇంకా పదునుగానే ఉంది.

ఆదివారం హాలెట్ చెయ్యి గుంటలన్నీ దాటి, ఆ కొస దగ్గర ఆగింది.

"ఇది అరగలేదేంది అంటుండు."

"ఆ జాగ మనిషి ఊళ్లె లేడని చెప్పన్నా."

రాజేందర్ అతని వంక ఒకసారి చూసి, ఇంగ్లీషులో చెప్పాడు. హాలెట్ వెళ్లి ఆ కొసనే కూర్చుని, ఎదురుగా ఉన్న సిమెంటు గోడను చూశాడు. లేచి బల్ల పాసైనట్టు సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం లీవు కాయితం జేబులో పెట్టుకుని భూమేష్ వీడియో కాల్ చేశాడు. అపూర్వ ఎత్తింది. వస్తున్నానని చెప్పాడు. ఆ పిల్ల బల్ల కొస వైపు చూసి, బొమ్మను సర్దింది.

"మరి నువ్వు ఏడ కూసుంటవ్, దుబాయ్ బాపూ? గది నా బొమ్మ జాగ."

"నేను కింద కూసుంట బిడ్డా" అన్నాడు భూమేష్.