దొర వందనం అందుకున్న బండి

ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నం తక్కువైన పూటలు ఉన్నాయేమో గాని, చరిత్ర తక్కువైన పూట లేదు. ఒకప్పుడు పలమనేరు చుట్టుపక్కల ఏడు ఊళ్ళ మీద పెత్తనం చేసిన కుటుంబం మాది. నాకు ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి ఆ పెత్తనంలో మిగిలింది సగం కూలిన ప్రహరీ, నాలుగు చింతచెట్లు, నిటారైన వెన్నెముకలు, రేకుల కొట్టంలో ఒక పాత మిలిటరీ బండి. మా వంశంలో ఎవరూ ఎవరి ముందూ వంగలేదని మా నాయన చెప్పేవాడు. (వంగకపోవడం వల్లనే కింద పడినవేవీ ఏరుకోలేకపోయామని మా అమ్మ అనేది. నాయన వినే దూరంలో కాదు.)

ఆ బండి ఇంగ్లండులో తయారైంది. పెద్ద యుద్ధం ముగిసి తెల్లవాళ్ళు మూటాముల్లె సర్దుకుంటున్నప్పుడు, ఎవరో జనరల్ దొర మా తాత మర్యాదకు మెచ్చి ఇచ్చిపోయాడని మా ఇంటి కథ. (మిలిటరీ వేలంలో కొన్నారని ఊళ్ళో ఇంకో కథ ఉండేది. దాన్ని మేము పట్టించుకోలేదు.) బండి పక్కగోడకు పైకెత్తే పెద్ద తలుపు, దాని కింద నడుమెత్తున ఒక చెక్క పలక ఉండేవి. దొర ఆ తలుపు ఎత్తించి, పలక మీద చేతులాన్చి, ఎదురుగా నడిచిపోయే సైన్యం నుంచి వందనం అందుకునేవాడట. పలకకు వరసగా ఉన్న గుండ్రటి రంధ్రాలు తుపాకులు నిలబెట్టడానికి. పైకప్పులో ఉన్న రంధ్రం జెండా కర్రకు. చిన్నప్పుడు మధ్యాహ్నాలు నేను ఆ పలక వెనక నిలబడి, చింతనీడలో మేసే మేకల నుంచి వందనాలు అందుకునేవాణ్ణి. రేకుల చిల్లుల్లోంచి పడే ఎండ చుక్కలు చొక్కా మీద పతకాల్లా మెరిసేవి. మేకలు మాత్రం ఎప్పుడూ నా వైపు చూడలేదు.

బండి నడవడం మానేసి ముప్ఫై ఏళ్ళయినా, ఏటా ఆయుధపూజకు పసుపు కుంకాల కన్నా ముందు దానికి ఒక పూత రంగు పడాల్సిందే. అది తాత పెట్టిన నియమం. ఎందుకని మేమెవరం అడగలేదు. పెద్దలు పెట్టిన నియమాలను అడగకపోవడం కూడా మా ఇంట్లో ఒక నియమం.

ఒక ఏడాది చిత్తూరులో పాత బండ్ల ఊరేగింపు పెట్టారు. పాత మిలిటరీ బండ్లను చూసి ఏది ఏమిటో తేల్చే పెద్దమనిషి ఒకాయన బెంగళూరు నుంచి వస్తాడన్నారు. ఆయన ఔనని కాగితం రాసిస్తే జనరల్ బండి అన్నింటికన్నా ముందు నడుస్తుంది, అందులో మా నాయన నిలబడతాడు. ఆయన్ని ముందు వరసకు పిలిచి చాలా ఏళ్ళయింది. ఊరేగింపు సంగతి తెలిసిన రోజే పెట్టెలోంచి తలపాగా తీసి ఎండలో వేశాడు. ఆ తలపాగా దండెం మీద ఊగుతుంటే చూసి, ఎలాగైనా ఆ కాగితం సంపాదించాలనుకున్నాను.

పలమనేరులో బెంగళూరు రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్‌ను అందరూ నట్టు మామ అనేవారు. బండిని అక్కడికి లాగించాం. ఇంజను ఆయన చూసుకున్నాడు. రంగు గీకే పని నాకు పడింది. ఉప్పుకాగితం పట్టుకుని (వంగే పనే, కాని వంగినట్టు కనిపించకుండా స్టూలు వేసుకుని) రుద్దుతుంటే ఒక్కొక్క పూతా లేచి వచ్చేది. పైన మా కిటికీ ఊచలకు వేయగా మిగిలిన నీలం, దాని కింద నీళ్ళలా పల్చబడ్డ పచ్చ, ఇంకా లోపలికి పోతే దిట్టమైన ఎరుపు, నిండైన ముదురాకుపచ్చ. లోపలికి పోయేకొద్దీ మేము కలిగినవాళ్ళమవుతూ వచ్చాము. ఆ రంగుల పొడి చేతుల మీదా కనురెప్పల మీదా వాలుతుంటే, ఏడు ఊళ్ళ మీదుగా వెనక్కి నడిచిపోతున్నట్టు ఉండేది.

ఊరేగింపుకు ముందు రోజు, అన్నింటికన్నా అడుగు పూత దగ్గర నట్టు మామ నన్ను కేకేశాడు.

"చిన్నయ్యా, ఇట్ల రాప్పా. దొర యాడుండాడో ఏమో గానీ, కేటిల్ మాత్రం ఈడుండాది."

"ఏం కేటిల్?"

"టీ కేటిల్. మూతిలోంచి పొగ గూడా వస్తా ఉండాది సూడు."

నిజమే. పలక కింద, తెల్లటి గుండ్రంలో, పొట్ట ఉబ్బిన కేటిల్ బొమ్మ. నాయన గాని వస్తున్నాడేమోనని రోడ్డు వైపు చూశాను.

"ఒక పూత కొట్టెయ్ మామా."

"తప్పు గదప్పా!"

"మా తాత కొట్టలేదా?"

"అదే నేనూ అనుకుంటా ఉండా" అన్నాడు నట్టు మామ, బొమ్మ అంచు గోటితో గీకుతూ. "ఈ బొమ్మ మీద మాత్రం మూడు పూతలు ఎక్కువ కొట్టినాడు మీ తాత. సూసే కొట్టినట్టుండాడు."

ఏటా మేము అంత భక్తిగా జరిపిన నియమం ఎందుకు పుట్టిందో అప్పుడు తెలిసింది. తెలిసినా బుద్ధి రాలేదు. నేనే బ్రష్షు తీసుకుని కేటిల్ మీద పచ్చరంగు పూశాను. మనవడినే కదా.

మరునాడు పొద్దున షెడ్డుకు పెద్దమనిషి వచ్చాడు. తలపాగా చుట్టుకుని నాయనా వచ్చాడు. పెద్దమనిషి బండి చుట్టూ తిరిగాడు, కిందికి దూరాడు, పైకప్పు చూశాడు.

"ఈ రంధ్రం దేనికండీ?"

"జెండా కర్రకి" అన్నాడు నాయన.

"మరి పలక మీదవి?"

"తుపాకులు నిలబెట్టేదానికి."

పెద్దమనిషి అప్పుడే నట్టు మామ ఇచ్చిన టీ తాగి, ఖాళీ గ్లాసును మెల్లగా ఒక రంధ్రంలో దించాడు. అది అక్కడే పుట్టినట్టు కూర్చుంది.

"పైకప్పులోది పొగగొట్టానికండీ. ఇది సైన్యానికి టీ పోసే బండి" అన్నాడు మెత్తగా.

నట్టు మామ ఉండబట్టలేక, "కేటిల్ బొమ్మ గూడా ఉండాదయ్యా. నిన్న చిన్నయ్యే రంగు పూసేసినాడు" అనేశాడు. నాయన నా వైపు చూడలేదు. గ్లాసును రంధ్రంలోంచి తీసి, మళ్ళీ దించి చూశాడు. ఆయన నడుము ఎక్కడ వంగిపోతుందోనని నాకు భయమేసింది.

"అయ్యా, జనరల్ దొర టీ తాగుతాడా?" అని అడిగాడు చివరికి.

"తాగకుండా ఎలా ఉంటాడండీ?"

"తాగాలంటే?"

"ఎంత దొరైనా ఈ పలక ముందుకి రావాల్సిందే."

"అంటే లోపల నిలబడినోడు దొర గాదు. బయట నిలబడి చెయ్యి చాపినోడు దొర!" నాయన మొహం దీపంలా వెలిగింది. "ఒరే అబ్బోడా, ఇన్నేళ్ళూ కథని తిరగేసి చెప్పుకున్నాం గదరా! ఆ రంగు గీకు. కేటిల్ కనపడాల."

ఉన్న ఒక్క మంచి చొక్కాతో, స్టూలు లేకుండా, పదిమంది ముందు వంగి గీకాను.

చిత్తూరులో మా బండికి అన్నింటికన్నా చివరి చోటు ఇచ్చారు. నట్టు మామ నడుపుతుంటే, నాయన తలుపెత్తి, పలక వెనక నిటారుగా నిలబడి, దారి పొడుగునా చేయి చాపిన ప్రతివాడికీ టీ అందించాడు. ముందు వరస బండ్ల దగ్గరికన్నా అక్కడే జనం ఎక్కువ. నేను మాత్రం సిగ్గుతో రోడ్డుకు అవతలి పక్క, ఆ బండితో ఏ సంబంధమూ లేనివాడిలా నడిచాను. "ఒరే, ఆడేం చేస్తా ఉండావ్? ఎక్కు!" అని నాయన కేకేస్తే, ఒక చెప్పుల కొట్టు బోర్డును అక్షరం అక్షరంగా చదివాను.

నాయన ఇప్పుడు లేడు. ఇప్పటికీ ఏటా జరిగే ఊరేగింపుకు బండి నేనే నడుపుతాను, ఎప్పుడూ చివరనే. నడుపుతూ నడుపుతూ అవతలి పక్కకు చూస్తాను. ఎండ మెత్తగా ఉన్న పూట, గుంపులో మెడ బిగించుకుని, ఎటో చూస్తూ నడిచే ఇరవై మూడేళ్ళవాడు ఒకడు నాకు కనిపిస్తూ ఉంటాడు. బండి కాస్త నిదానం చేస్తాను. వాడు ఎక్కడు. నాకు తెలుసు, పిలిస్తే బోర్డు చదువుతాడు. అయినా పక్క సీటు మీది తువ్వాలు తీసి, కొంచెం చోటు చేస్తాను.