చువ్వలు తీసి కట్టిన వసారా

డిప్లొమా చదివి కరీంనగర్‌లో ఓవర్సీరుగా చేరిన రెండో ఏడు నాకు ఒక గది కట్టే పని వచ్చింది. మనసు చెదిరిన పిల్లల వైద్యానికని మా ఊరి దవాఖానాకు సర్కారు మొదటిసారి విడిగా మంజూరు చేసిన గది అది. అంతకు ముందు అటువంటి పిల్లలను హైదరాబాదు తీసుకుపోవాలి, లేదా ఇంట్లో దాచుకోవాలి. ఇకనుంచి నెలకోసారి పట్నం డాక్టరమ్మ వస్తుంది, పిల్లలు కొన్ని వారాలు ఇక్కడే ఉండొచ్చు.

పిల్లల గదికి నమూనా మా ఆఫీసులో లేదు. బీరువాలో దొరికింది పెద్దవాళ్ల పిచ్చి వార్డుది. దాన్నే కొలతలు తగ్గించి గీశాను: కిటికీలకు ఇనుప చువ్వలు, ఇనుప తలుపు, గడియ బయటివైపు. మిగతాదేదీ మార్చలేదు. ఇంజనీరు గారు మెచ్చుకున్నారు కూడా.

గోడలు లేచి, తలుపు నిలబెట్టిన రోజు సిరిసిల్ల నుంచి ఒక నేతగాని భార్య తొమ్మిదేళ్ల కూతురితో వచ్చింది. చెల్లెలు చనిపోయిన నాటి నుంచి ఆ పిల్ల మాట్లాడటం లేదు. ఉంచితే నయమవుతుందని డాక్టరమ్మ చెప్పిందట. తల్లి గది చూసింది.

"గిదేంది సారూ, గడియ బయటికి పెట్టిండ్రు? నా బిడ్డ దొంగతనం చేసిందా?"

"నువ్వు కూడ లోపలనే ఉండొచ్చమ్మా."

"నన్ను గూడ ఏస్తరా లోపట? మంచిగుంది. మరి ఆడ మగ్గానికి కండెలెవలు సుడ్తరు, నువ్వొచ్చి సుడ్తవా?"

పక్కనున్న కాంపౌండరు నవ్వాడు. "గా చదువు సారు చదవలేదమ్మా!"

ఆమె నవ్వలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని బస్సుకు బయలుదేరింది. ఆడవాళ్లు రాట్నం మీద నూలును కండెలకు చుట్టి ఇస్తేనే మగ్గం ఆడుతుంది. నా కాగితంలో పిల్లకు మంచం ఉంది, తల్లి పనికి చోటు లేదు. గేటు దాకా వెంటపడి, ఏమేం కావాలని అడిగాను. రాట్నానికి చోటు, వెలుతురు, నూలు ఎగరకుండా ఒక పక్క గోడ కావాలంది.

"వచ్చే నెల రా అమ్మా."

"సూస్త," అంది.

ఆ వారమే కొత్త కాగితం గీశాను. తీసేవి: చువ్వలు, ఇనుప తలుపు, బయటి గడియ. వేసేవి: కర్ర తలుపు, లోపలి గడియ, ఉత్తరం వైపు షాబాద్ బండలు పరిచిన వసారా. ఇనుము వాపసు చేస్తే వచ్చిన పైసలు వసారాకు సరిపోయాయి.

ఇంజనీరు గారు కళ్లద్దాలు పైకి నెట్టారు. "ఏమయ్యా, దవాఖానాల మగ్గం పెడ్తవా?"

"మగ్గం కాదు సార్, రాట్నం."

"సర్కారు పైసలిచ్చింది పిల్లల వైద్యానికి."

"తల్లి ఉండకుంటే పిల్ల ఉండదు సార్. పిల్ల లేకుంటే వైద్యం ఎవలికి?"

ఆయన కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టారు.

మరుసటి నెల ఆమె రాట్నంతో దిగింది. బండల మీద అటూ ఇటూ నడిచి, ఒక మూల కూర్చుంది. సిరిసిల్ల బస్సులో నూలు వచ్చేది, కండెలు పోయేవి. పక్కన కూర్చుని పిల్ల నూలు చిక్కులు తీసేది.

ఏడో వారం కాంపౌండరు మా ఆఫీసుకు పరుగున వచ్చాడు. "సార్, పిల్ల మాట్లాడింది! 'అవ్వా, పోగు తెగింది' అని తల్లితోని అన్నది."

కలం కింద పెట్టి లేచాను.

"గదిలనా, వసారాలనా?" అన్నాను.

"వసారాలనే సార్."

ఆ తర్వాత వంతెనలు కట్టాను, చెరువు తూములు కట్టాను. ఏం కట్టావని ఎవరైనా అడిగితే ముందు ఆ వసారా పేరే చెబుతాను.