ఒక ఇంటికి ఒకే జాకెట్టు

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఊరంతా జాకెట్లత్త అని పిలిచే ఆమె రేవు షెడ్డు తలుపు తీసేది. ప్రమాదంలో ఉన్నవాళ్ళను కాపాడే పడవ అక్కడే ఉండేది. ఆ పడవవాళ్ళ ఎనిమిది లైఫ్ జాకెట్లనూ ఒక్కొక్కటే దించి, పట్టీలు గట్టిగా లాగి చూసి, మళ్ళీ కొక్కేలకు తగిలించేది.

"అత్తా, జాకెట్లకు బడి టైమైందా?" అని పిల్లలు ఆటపట్టించేవారు.

"వాటికెప్పుడో అయింది, మీకే ఇంకా కాలేదు. పదండి!"

మా దీవిలో ఆ పడవ ఎక్కడానికి జీతం లేదు. గంట మోగగానే ముందు ఎవరు షెడ్డుకు చేరితే వాళ్ళకే జాకెట్టు. మగవాళ్ళకు అదొక పంతం. షెడ్డుకు అందరికన్నా దగ్గర అత్త వాళ్ళ ఇల్లు. అందుకే ఒకనాటి తుఫానులో ఆమె భర్త, మరిది, పెద్దకొడుకు అందరికన్నా ముందు ఎక్కారు. పడవ తిరగబడింది. ఒక్కరూ ఒడ్డుకు రాలేదు. ముగ్గురు ఒకే గడపవాళ్ళు.

కొత్త పడవ వచ్చాక పెద్దలు కట్టడి చేశారు: ఒక ఇంటికి ఒకే జాకెట్టు. పంచే పని అత్తకు అప్పగించారు. ఆమె కాదంటే పడవ నడిపే సరంగు కూడా మారు మాట్లాడడు.

చాలా ఏళ్ళకు, గాలివానలో మళ్ళీ గంట మోగింది. బండల మధ్య ఒక చేపల పడవ చిక్కుకుంది. మనుషులు దాని తెరచాప కొయ్యను కరుచుకుని ఉండడం ఒడ్డు నుంచే కనిపిస్తోంది. ఏడుగురు ఎక్కి కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు అత్త ఇల్లరికపుటల్లుడు. మిగతా మగవాళ్ళంతా సరుకు దింపే పని మీద అవతలి ఒడ్డుకు వెళ్ళారు. అప్పుడు పరిగెత్తుకొచ్చాడు ఆమె చిన్నకొడుకు.

"అమ్మా, ఇటివ్వు!"

"మీ బావ ఎక్కాడురా. మనింటి నుంచి ఇంక కుదరదు."

సరంగు పడవలోంచి అరిచాడు. "వదినా, ఎనిమిదో తెడ్డు లేకుండా ఆ సుడి దాటలేను. ఇస్తావో, వద్దంటావో, తొందరగా తేల్చు!"

కూతురు వచ్చి కొక్కేనికి అడ్డం నిలబడింది. "ఉన్న ఇద్దర్నీ పంపేస్తావా? నాన్న, బాబాయి, అన్నయ్య చాల్లేదా నీకు?"

అత్త బండల వైపు చూసింది. అక్కడెవరో చెయ్యి ఊపుతున్నారు. చూస్తుండగానే ఆ చెయ్యి వాలిపోయింది. ఆమె కూతుర్ని పక్కకు జరిపి, జాకెట్టు తీసి, కొడుక్కి తనే తొడిగింది.

"వాళ్ళకేమన్నా అయితే నీ మొహం చూడనమ్మా," అంది కూతురు.

పడవ కెరటం వెనక మాయమైంది. తేలింది. మళ్ళీ మాయమైంది. ఈసారి ఎంతకీ తేలలేదు. గట్టు మీద పక్కింటామె తన దుప్పటి తెచ్చి, అత్త భుజాల మీద కప్పి, పక్కనే నిలబడింది.

దేవుడి దయ, ఎనిమిది మందీ తిరిగొచ్చారు. ముగ్గురు జాలర్లను ప్రాణాలతో తెచ్చారు. కూతురు భర్తను పట్టుకుని ఏడ్చింది, తమ్ముడి తల నిమిరింది. తల్లి వైపు మాత్రం చూడకుండా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

జాలర్లలో ఒకాయన వణుకుతూనే అత్త కాళ్ళ మీద పడబోయాడు. "మీకేం చెయ్యగలనమ్మా నేను?"

అత్త ఆయన్ని లేవదీసి, పక్కింటామె దుప్పటి ఆయనకు చుట్టింది.

"ఒక్క పని చేసిపెట్టు నాయనా. ముందు వేడిగా ఏదన్నా తాగు. తర్వాత ఆ మొదటింటి తలుపు కొట్టు. లోపల మా అమ్మాయి ఉంది, నాతో మాట్లాడదు. నువ్వేం చెప్పక్కర్లేదు. ఒకసారి దాని కళ్ళకు కనపడు, చాలు."