దుమ్ము మీదికి నెట్టిన తప్పు

ఇవాళ పొద్దున్న నేను మళ్ళీ అదే అబద్ధం ఆడాను. ఏళ్ళ తరబడి లోపల మోస్తున్న మాట అది. ఎంత పాతబడిపోయిందంటే, ఆలోచన అవసరం లేకుండానే నోటినుంచి జారిపోయింది. "దుమ్ము దూరుంటుందిలే" అన్నాను. రెండే మాటలు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకైతే ఇంత సూటిగా చెప్పలేను.

మేముండేది తెలుగు నేల దాటి, కిరందుల్లో, ఇనుప గని ఉద్యోగుల క్వార్టర్స్‌లో. ఇక్కడ ఎర్రటి ఇనుప దుమ్ము లేని చోటు ఉండదు. ఆరేసిన లుంగీ మీద, పెరుగు గిన్నె మూత మీద, పసిపిల్లల అరికాళ్ళ మీద. ఫ్యాను ఆగినా, మిక్సీ మొరాయించినా, ఎవర్ని అడిగినా ఒకటే చెప్తారు: దుమ్ము దూరింది. చాలాసార్లు అది నిజమే. అందుకే నా అబద్ధాన్ని ఎవరూ అనుమానించలేదు. ఇంకో ఊళ్ళో అయితే అది ఒక్కపూట కూడా నిలిచేది కాదు.

నేను ఆఫీసులో కంప్యూటర్లు చూసే విభాగంలో పనిచేస్తాను. ఇంటికి కంప్యూటరు కొన్న కొత్తలో ఇంటి లెక్కలు రాసుకునే ప్రోగ్రాం ఒకటి అందులో వేశాను. లోపలికి వెళ్ళడానికి నా పేరు ఒకటి, మా ఆవిడ వరలక్ష్మి పేరు ఒకటి పెట్టాను. తెర మీద రెండు పేర్లూ పక్కపక్కన, శుభలేఖ మీద ఉన్నట్టు ఉండేవి. ఆవిడ పేరు పెట్టింది ముచ్చటకే. నిజంగా నేర్చుకుంటుందని నేననుకోలేదు. నేర్చుకుంది.

కంప్యూటరు బల్ల కిటికీ పక్కన ఉండేది. తొలివానలకి సాల్ చెట్ల కింద పుట్టే బోడా పుట్టగొడుగులు తెచ్చే సుకమతి ఆ కిటికీ దగ్గరే గంప దింపేది. ఆమెది ఇక్కడి అడవి పల్లెల హల్బీ భాష, మా ఆవిడది విజయనగరం తెలుగు, మధ్యలో ఇద్దరికీ కాస్త హిందీ. ఒకవైపు బేరం, ఒకవైపు టైపు, మధ్యలో నవ్వులు. ఆ గది ఆ రోజుల్లో చాలా బాగుండేది.

ఒక ఆదివారం నా స్నేహితుడు అప్పారావు టీకి వచ్చాడు. కప్పులు పెడుతూ మా ఆవిడ మామూలుగానే అంది: "ఏవండీ, పాల ఖర్చు మీరు రెండుసార్లు ఎక్కించీసినారు. నేను ఒకటి తీసీసాను."

అప్పారావు పగలబడి నవ్వాడు. "ఏటి గురూ! ఆఫీసులో అందరి తప్పులూ నువ్వు పడతావు, ఇంట్లో నీ తప్పులు వదినగారు పడతన్నారా? కల్ సే సెక్షన్‌కి ఆవిణ్ణే పంపీ. నువ్విక్కడ కూరలు తరుగు!"

ఆవిడా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు? అతను అన్నది వేళాకోళమే. ఆవిడ చేసింది సరైన పనే. ఈ రెండూ తెలిసికూడా ఆ సాయంత్రం నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఏ ఫోల్డరు మీద ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. అందులో ఆవిడ పేరు ఎదురుగా చదవడానికి టిక్కు ఉంచాను. రాయడానికి ఉన్న టిక్కు తీసేశాను. ఒక్క నొక్కు. ఇక ఆవిడ లెక్కలు చూడగలదు, కానీ రాసినదేదీ అందులో సేవ్ చేసి దాచుకోవడం కుదరదు.

రెండు రోజులు అలా ఉంచి, టిక్కు మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. అలా అనుకోవడం నిజమేనా, లేక నన్ను నేను మంచివాణ్ణని నమ్మించుకోవడానికి తర్వాత కల్పించుకున్నానా? ఇప్పుడు చెప్పలేను.

ఆవిడ వెంటనే వదిలిపెట్టలేదు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది. ఫైలుకి వేరే పేరు పెట్టి చూసింది. కీబోర్డు తిరగేసి దులిపింది. చివరికి తెర మీద వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని చించిన క్యాలెండరు కాగితం వెనక అక్షరం అక్షరం దించుకుని, నేను ఆఫీసు నుంచి రాగానే చూపించింది.

"పర్మిషన్ లేదంటన్నాదండీ. ఎవరి పర్మిషను?"

నాకు చెప్పే అవకాశం అంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మెషీను ఉన్నదున్నట్టు నిజం చెప్పింది. నేనే దాన్ని అబద్ధంగా మార్చాను.

"లోపల దుమ్ము పడితే ఇలాంటివే చూపిస్తుంది. కిటికీ బార్లా తెరుచుకుని కూర్చుంటావు కదా."

ఆవిడ లేచి కిటికీ మూసేసింది. అప్పటినుంచి సుకమతి పెరటి వైపు వచ్చేది. మా ఆవిడ చేతులు కడుక్కుని, తడిగుడ్డతో బల్ల తుడిచి ఇంకొన్నిసార్లు ప్రయత్నించింది. తర్వాత మానేసింది. టౌన్‌షిప్ మహిళా మండలి వాళ్ళు తమ లెక్కలు కంప్యూటర్లో చూసిపెట్టమని అడగడానికి వస్తే, "నా చేతికి అవి పడవండీ, ముట్టుకుంటే పాడయిపోతాయి" అని నవ్వుతూ పంపేసింది. నేను పక్క గదిలో పేపరు చదువుతున్నాను. చదువుతున్నట్టు కూర్చున్నాను.

మా కాపురం బాగానే సాగింది. అది అబద్ధం అనను. కలిసి నవ్వుకున్నాం, కలిసి ముసలివాళ్ళమవుతున్నాం. ఊళ్ళో ఎవరింట్లో ఫైలు దాచుకోవడం కుదరకపోయినా నన్నే పిలుస్తారు. నేను వెళ్ళి మొదట అడిగేది ఒకటే: ఈ ఫోల్డరుకి తాళం ఎవరు వేశారు? అడిగిన ప్రతిసారీ మా ఇంటి తాళం గుర్తొచ్చేది. ఇంటికొచ్చి ఆ టిక్కు పెట్టేయడానికి నిమిషం పట్టదు. కానీ పెడితే ఎందుకు బాగుపడిందో చెప్పాలి కదా? ఆ భయంతోనే ఉంచేశాను. తర్వాత్తర్వాత మరిచిపోయాను కూడా. తప్పు చేసినవాడికి మరుపు ఎంత సులువు!

మొన్న నాకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు తెర చూడవద్దన్నారు. అందుకని ఇవాళ పొద్దున్న లెక్కలు రాయమని ఆవిణ్ణి బతిమాలాను. చేతులు కడుక్కుని వచ్చింది. కూర్చుంది. "నా పేరు ఇంకా ఉందండీ!" అంది, చిన్నపిల్లలా. ఆ పేరు మీదే నొక్కి లోపలికి వెళ్ళింది. అన్నీ రాసింది. దాచబోతే అదే వాక్యం. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చూసినారా? నేను ముట్టుకుంటే ఇంతే."

అప్పుడే నేను ఆ దుమ్ము మాట అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినిపించింది. ఆవిడ లేవబోతుంటే భుజం పట్టుకుని కూర్చోబెట్టి, మొత్తం చెప్పేశాను. అప్పారావు నవ్వు, టిక్కు, దుమ్ము, అన్నీ.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పి కిటికీ వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మరైతే ఇన్నాళ్ళూ ఆ కిటికీ ఎందుకు మూసీసినానండీ?"

నా పాస్‌వర్డు చెప్పాను. హక్కుల పట్టిక ఎక్కడుందో చెప్పాను. తన పేరు ఎదురుగా ఆవిడే టిక్కు పెట్టుకుంది.

"మీ పేరు ఎదర కూడా టిక్కు ఉన్నాది. దీన్నేటి చెయ్యమంటారు?"

"నీ ఇష్టం."

తెరను తనవైపు తిప్పుకుంది. మౌసు నొక్కిన చప్పుడు ఒకటి వినబడింది. ఏం చేసిందో చెప్పలేదు. నేను అడగలేదు. మళ్ళీ తన పేరుతో వెళ్ళి, రాసినవి దాచింది. ఈసారి ఆ వాక్యం రాలేదు. క్షమించానని అనలేదు. మధ్యాహ్నం కూరలో ఉప్పు మాత్రం సరిగ్గానే ఉంది.

భోజనమయ్యాక నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. గడియ తుప్పుపట్టి బిగుసుకుంది. పచ్చడిబండతో నాలుగు దెబ్బలు వేస్తే వదిలింది. రెక్కలు తెరవగానే ఎర్రటి దుమ్ము లోపలికి వచ్చింది. తడిగుడ్డ తెచ్చి బల్ల తుడిచాను. ఇక రోజూ అది నా పని. "ఆ మూల వదిలీసినారు" అంది వెనకనుంచి. తుడిచాను.

ఇప్పుడు ఒంటికన్నుతో, పెన్నుతో ఇది రాస్తున్నాను. మనసు తేలిగ్గా ఉంది. ఉండవచ్చునా అనే అనుమానమూ ఉంది. కన్ను బాగయ్యాక నేను ఏదైనా దాచబోతే, నాకు అనుమతి లేదని వస్తుందేమో. వస్తే రానీ. ఎవరి పర్మిషనని మాత్రం అడగను.