పిన్ని వయసు నలభై

ఆసుపత్రిలో ఆవిణ్ణి అందరూ లింకమ్మ అనే పిలిచేవారు. కంప్యూటర్లో రోగి రికార్డు తెరిస్తే ప్రతి మందు పేరు పక్కనా ఒక నీలం బొత్తాం ఉంటుంది. డాక్టరు దాన్ని నొక్కితే చాలు, లావుపాటి పుస్తకాలు తిరగేసే పని లేకుండా, ఆ రోగి వయసుకీ బరువుకీ జబ్బుకీ సరిపడే సమాచారం ఉన్న పేజీ వచ్చేస్తుంది. ఏ బొత్తానికి ఏ పేజీ లింకు కలపాలో చూసేది లింకమ్మే. పెద్దల పేజీ పసిపిల్లకి చూపించిందా, ఇక ఆ పూట ఆవిడకి తిండి సహించదు. అంత చాదస్తం!

ఇంత చాదస్తురాలూ ఒకప్పుడు పేర్లు రాసుకునే కౌంటర్లో కూర్చున్న మనిషే. వయసు గడి నింపనిదే కంప్యూటరు ముందుకు కదలదు. వచ్చేవాళ్ళలో సగం మందికి తమ వయసు తెలియదు. వెనక వరసలో జనం కేకలు. "నలభై వేసి పడెయ్యండమ్మా, తర్వాత సరిచేసుకుందాం" అని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పింది ఆవిడే. ఆ తర్వాత అనేది ఎప్పుడొచ్చింది గనక!

తల్లి లేని తనని పెంచిన పిన్నికి పదకొండేళ్ళ కిందట మోకాలు వాస్తే, పేరు రాసుకున్నదీ తనే. పిన్నికి అప్పటికే అరవై దాటాయి. ఎన్ని దాటాయో పిన్నికే తెలియదు. అలవాటు కొద్దీ నలభై కొట్టింది. పిన్ని తెర మీదికి తొంగి చూసింది.

"నలభయ్యా! నీ దుంప తెగ, నన్ను పడుచుదాన్ని చేశావు కదే! ఇక ఎవరడిగినా ఇదే చెప్తా."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

మొన్న సోమవారం పిన్ని జ్వరంతో వార్డులో చేరింది. రాత్రి నిద్ర పట్టడం లేదంటే చిన్న డాక్టరమ్మ బొత్తాం నొక్కి, వచ్చిన పేజీ చూసి మందు రాసింది. మర్నాడు తెల్లారినా పిన్ని లేవలేదు. పిలిచినా, గిల్లినా ఉలుకూ పలుకూ లేదు.

లింకమ్మ పరుగున వెళ్ళి రికార్డు తెరిచింది. లింకు తప్పు పేజీకి పోయిందేమోనని వెతికింది. లింకు సరిగ్గానే ఉంది. ఆ పైన రోగి వయసు యాభై ఒకటి అని ఉంది. తను వేసిన నలభై, ఏడాదికొకటి చొప్పున పెరిగి అక్కడ కూర్చుంది.

పెద్ద డాక్టరు చిన్న డాక్టరమ్మ మీద మండిపడ్డాడు. "కళ్ళెదుట ముసలావిడ కనబడుతుంటే ఆ మోతాదు ఎలా రాశావమ్మా?"

"ఈ రోగికి సరిపడే పేజీ అనే చూపించింది సార్, నమ్మాను."

"ఆ మాటే కాగితం మీద పెట్టి, ఇంటికెళ్ళడానికి సిద్ధంగా ఉండు."

లింకమ్మ ఆ గదిలోనే ఉంది. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, పిన్నిని ఈ స్థితికి తెచ్చింది తనేనని నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గు ఇంకొకటి. తన సీటుకి వెళ్ళి, కౌంటర్లో నలభై అని చేరిన వాళ్ళెంతమందో లెక్క తీసింది. మూడు వేలు దాటారు. వాళ్ళందరి పక్కనా ఆ నీలం బొత్తాలే, తను ఏరికోరి కలిపినవే.

మూడో రోజు పొద్దున్న పిన్ని కళ్ళు తెరిచింది. లింకమ్మకి ఏడుపు ఆగలేదు. పెద్ద డాక్టరు మంచం దగ్గరికొచ్చి, తెలివి ఎంతవరకు ఉందో చూద్దామని అడిగాడు.

"మీ వయసెంతమ్మా?"

పిన్ని అందరి ముఖాలూ చూసి, లింకమ్మ దగ్గర చూపు ఆపింది.

"నలభై" అంది మెల్లగా.

పెద్ద డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "మతి దెబ్బతింది. రాసుకో."

చిన్న డాక్టరమ్మ కలం తీసింది. పిన్ని నవ్వుతోందేమోనని లింకమ్మ ఆశగా చూసింది. ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. ఇక ఉండబట్టలేకపోయింది.

"రాయకమ్మా! ఆ నలభై మా పిన్ని సొంతంగా చెప్పింది కాదు, పదకొండేళ్ళ కిందట కౌంటర్లో నేను వేసింది. సార్, ఈ పిల్ల తప్పేం లేదు."