సెన్సర్ తీగకు వల ముడి

తుఫాను వెళ్లిన మూడో రోజు తెల్లారేసరికి మా ట్రక్కులు శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకార గ్రామం చేరాయి. గాలి తగ్గింది. చినుకు ఆగలేదు. మోకాలి లోతు బురద. ఆర్మీలో నేను వాహనాల మెకానిక్‌ని. మాది గజపతినగరం. సొంత యాసలో తిట్లు విని ఎన్నేళ్లయిందో! డ్యూటీకి వచ్చానా, చుట్టపుచూపుగా వచ్చానా అనిపించింది.

వారం రోజులు చెట్లు కోశాం, దారులు తెరిచాం. చివరి రోజు ఎనిమిదింటికి మా తిరుగు ప్రయాణం అనగా, ఆ పొద్దున్నే వేట మళ్లీ మొదలైంది. తొలి పడవల్లో వంజరాలు! ఊరందరి చేపలూ, బేరం చేసే నూకాలమ్మ వ్యాన్‌లోకి ఎక్కాయి. శ్రీకాకుళం మార్కెట్‌లో అమ్ముకురావలసింది ఆవిడే. వ్యాన్ మాత్రం కదల్లేదు. పెట్టెల్లో మంచు కరుగుతోంది.

"బాబూ, ఓపాలి సూడు. ఈ సేపలు పాడైతే ఊరంతా నా పీక మీద కూకుంటాది."

స్టార్టర్ గిర్రున తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. మీటరులో ఇంజిన్ వేగం చూపే ముల్లు సున్నా దాటడం లేదు. నా అనుమానం ఆ వేగం పసిగట్టే సెన్సర్ మీదికి పోయింది.

రేడియోలో సుబేదార్ గొంతు. "మెకానిక్, ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు సార్."

"పదిహేను. ఓవర్."

బురదలో గోనె పరిచి కిందికి దూరాను. ఇంజిన్ వెనక తిరిగే చక్రానికి చుట్టూ పళ్లుంటాయి. వాటిని తాకకుండా, పక్కనే బొటనవేలంత సెన్సర్. లోపల అయస్కాంతం, దానికి తీగచుట్ట. పన్ను ఎదురుగా పోయినప్పుడల్లా చిన్న కరెంటు పుడుతుంది. దాన్నిబట్టే ఇంజిన్ వేగమెంతో వ్యాన్‌లోని చిన్న కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఒకచోట కావాలనే పన్ను వదిలేస్తారు. ఆ ఖాళీని చూసి పిస్టన్ ఎక్కడుందో పోల్చుకుంటుంది. కబురు అందకపోతే డీజిల్ చుక్క వదలదు.

సెన్సర్ బాగానే ఉంది. తీగల దగ్గర మాత్రం నాకు నవ్వాగలేదు. దాని మూడు తీగలనూ ఒలిచి, రాగిపోగులన్నీ కలిపి వల ముడి వేసి ఉంది!

"ఇదెవరి పని మావా?"

నూకాలమ్మ మొగుడు ఎర్రయ్య వ్యాన్ కిందికి తొంగిచూశాడు. "నాదే. తుఫానుకి కొట్టుకొచ్చిన తాడు సుట్టుకుని తెగిపోనాయి. గట్టిగా ముడేసినాను. సొరసేప లాగినా ఇప్పదు."

"నీ ముడి ఇప్పడానికి మిలట్రీ దిగాలేటి!" అంది నూకాలమ్మ. ఒడ్డంతా ఘొల్లుమంది.

ఆ ముడిలోనే కబురు చచ్చిపోతోంది. రెండు తీగలు కబురు మోసేవి, అవి ఒకదానికొకటి తగలకూడదు. మూడోది వాటి చుట్టూ అల్లిన కవచం, బయటి కరెంటు గోల లోపలికి రానివ్వదు. ముడి కోసేశాను. రంగుకు రంగు విడివిడిగా కలిపి, టేపు చుట్టాను. తీగలు మళ్లీ వేలాడకుండా ఎర్రయ్యే వల దారంతో పైకి కట్టాడు. ఆ ముడికి మాత్రం వంక పెట్టలేను.

ఎర్రయ్య తాళం తిప్పాడు. ముల్లు వణికింది, లేచింది. ఇంజిన్ అందుకుంది. నూకాలమ్మ ఎగిరి పెట్టెల మధ్య కూర్చుంది. నాకు పట్టరాని సంతోషం.

మా ట్రక్కులు వ్యాన్ వెనకే బయల్దేరాయి. రోడ్డు చీలేచోట ఆవిడ లేచి నిలబడింది. కుడిచేతిలో పెద్ద వంజరం ఎత్తి చూపించి, ఎడంచేత్తో నాకు సెల్యూట్ కొట్టింది. మేం క్యాంపుకు తిరిగొచ్చేశాం.

ఇప్పుడు రిటైరై మా ఊళ్లోనే ఉన్నాను. సర్వీసంతా నేను సెల్యూట్లు కొట్టినవాణ్ణే. నాకు కొట్టింది ఆవిడొక్కతే.