భుజం దాటిన కర్ర

తుంగభద్ర ఇసుకదారిగా మారిపోయే వేసవిలో, కర్నూలు మైదానం మీది సాయంకాలపు వెలుగు ఒక పట్టాన వదిలిపోయేది కాదు. లేచిన దుమ్ము ఆ వెలుగును పట్టుకుని, ఆటగాళ్లను నేలకు కాస్త పైన తేలుతున్నట్టు చూపేది. మెడలో ఈలతో నిలబడిన ఏసేపుకు, తాను ఆట నడుపుతున్నాడో కలలో నడుస్తున్నాడో ఒక్కోసారి తెలిసేది కాదు.

ఏసేపు మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు. పుట్టింది బేతంచెర్ల వైపు ఒక నాపరాతి గనుల పల్లెలో, రాళ్లు కొట్టే ఇంట. పందొమ్మిదివందల ముప్పైల చివర జిల్లాలో సాగిన హాకీ పోటీలకు పోలీసులు, పంతుళ్లు, కోర్టు గుమాస్తాలు, గనికూలీలు ఎవరి జట్టు వారు కట్టుకున్నారు. ఆటకన్నా తగవులే ఎక్కువ. తీర్పు నచ్చని జట్టు సగం ఆటలో కర్రలు ఎత్తుకుని వెళ్లిపోయేది. అంపైరుగా ఏసేపు రెండు కట్టుబాట్లు పట్టుబట్టి నిలబెట్టాడు: నాయకుడు తప్ప మరెవరూ అంపైరుతో వాదించరాదు, కొట్టేటప్పుడు కర్ర భుజం దాటి లేవరాదు. రెండవది ఎప్పటినుంచో ఉన్న నియమమే. ఎవరూ పాటించకపోవడంతో పళ్లు రాలినవారు, కనుబొమలు చీలినవారు ప్రతి ఏడాదీ కనబడేవారు.

ఆ నియమాన్ని ఎక్కువగా తప్పేది అతని పల్లెవాళ్లే. పొద్దంతా సమ్మెట ఎత్తే చేతులవి. బంతి కనబడగానే కర్ర దానంతటదే తలమీదికి పోయేది.

ఆ ఏటి చివరి ఆట ఆ పల్లెకూ గుమాస్తాలకూ పడింది.

"ఆయప్ప ఆ పల్లె మనిషే గదప్పా! వాళ్ల మీద ఈల యాడ ఊదుతాడు?" అన్నాడు గుమాస్తాల నాయకుడు తిమ్మయ్య, అందరికీ వినబడేటట్టు.

గనికూలీల నాయకుడు బొజ్జన్న ఏసేపు పక్కకు వచ్చాడు. "ఏసేపన్నా, ఆదివారం గుడి కాడ మనోళ్ల వంట. గెలిస్తే పొట్టేలు, ఓడితే ఉత్త సంగటి. నీకేది కావల్నో నువ్వే సూసుకో," అని నవ్వాడు.

ఏసేపు నవ్వలేదు. తల్లి పోయాక ఆ పల్లెలో అతనికంటూ ఇల్లు లేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక ఏ గడప ముందు కూర్చుంటే ఆ గడపలో పళ్లెం పెట్టేవారు. ఈ పూట వారి మీద ఈల ఊదితే ఆ పళ్లెం దక్కుతుందా? ఊదకపోతే, రేపు కర్ర దించమంటే ఎవరు దించుతారు?

ఆట ముగియవచ్చింది. జట్లు సమంగా ఉన్నాయి. వెలుగు రాగిరంగుకు తిరిగింది. బంతి దొర్లుకుంటూ అయ్యన్న ముందుకు వచ్చింది. గనిలోనైనా మైదానంలోనైనా ఆ పల్లెలో అతనంత బలంగా కొట్టేవాడు లేడు. కర్ర లేచింది. భుజం దాటింది, తల దాటింది, ఆ రాగి వెలుగులో ఆగినట్టే ఆగింది.

ఏసేపు కళ్లముందు మైదానం కరిగిపోయింది. తల్లి చంకలోంచి తాను చూసిన తండ్రి నిలబడ్డాడు, వీపు విల్లులా వెనక్కి వంచి, సమ్మెటను ఆకాశానికి ఆనించి. అది దిగేదాకా గని అంతా ఊపిరి బిగబట్టేది. ఇంత అందమైన తప్పును ఏసేపు ఎన్నడూ చూడలేదు.

బంతి గోలులో పడింది. పల్లెవాళ్లు కేకలతో ఎగిరారు. అప్పుడు మోగింది ఈల. గోలుకే మోగిందనుకున్నారందరూ. ఏసేపు మాత్రం చెయ్యి చాపి, కర్ర లేచిన చోటును చూపించాడు. గోలు చెల్లలేదు.

బొజ్జన్న ఉరికి వచ్చాడు. "సారూ! మేం కనపల్లేదా మీకు?"

ఇంతకుముందటి 'అన్న' ఆ మాటలో లేదు.

"కనపడినారు. కట్టె గూడా కనపడింది," అన్నాడు ఏసేపు.

"పదండిరా! ఈడ మనకు న్యాయం లేదు."

జట్టు కదిలింది. అయ్యన్న కదలలేదు. "ఎత్తినా మామా," అన్నాడు బొజ్జన్నతో మెల్లగా. "సమ్మెట అనుకునింది చెయ్యి."

"నోర్ముయ్! నాయకుడు నేను. మాట్లాడేది నేనే."

"సరే, నువ్వే చెప్పు నాయకుడా. ఎత్తినానా, లేదా?"

బొజ్జన్న నేల చూపులు చూస్తూ తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. ఆట సాగింది. గుమాస్తాలు ఒక గోలు వేసి గెలిచారు. ఓడిన జట్టు సగం ఆటలో వెళ్లిపోకుండా చివరిదాకా నిలిచింది ఆ ఏడాదిలో అదొక్కసారే.

జనం వెళ్లాక దుమ్ము నెమ్మదిగా నేలకు దిగింది. గోలు దగ్గర ఎవరో మరిచిపోయిన తుమ్మకర్ర ఏసేపు కంటపడింది. చేతిలోకి తీసుకున్నాడు. కాలి ముందు చిన్న రాయి. చుట్టూ చూసి, కర్రను భుజం దాటించి, తల దాటించి, వీపు వంగినంత మేరా వంచి ఎత్తాడు. ఆకాశం బరువుగా, చల్లగా కర్ర కొసకు తగిలినట్టుంది.

వెనకనుంచి ఈల మోగింది. మరిచిన కర్ర కోసం తిరిగివచ్చిన అయ్యన్న, నోట్లోంచి వేళ్లు తీసి నవ్వుతున్నాడు.

"దించన్నా, కట్టె దించు. నీకూ అదే రూలు."

దూరంగా ఎద్దులబండి దగ్గరనుంచి బొజ్జన్న అరిచాడు. "ఏందిరా ఆడ?"

"ఏసేపన్న కట్టె ఎత్తినాడు మామా!"

ఏసేపు కర్ర ఎత్తినది ఎత్తినట్టే నిలబడి విన్నాడు.

"ఐతే ఆదివారం ఆయప్పకు గూడా ఉత్త సంగటే!" అన్నాడు బొజ్జన్న. "పొద్దున్నే రమ్మను."

ఏసేపు మెల్లగా కర్ర దించాడు.